మా మెరూన్ బాక్సర్, ఆరు వేల బేరం

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అన్నం తింటుంటే మా తమ్ముడు అడిగాడు, "అన్నా, నాన్న బండి ఆర్సీ మార్చితో అయిపోతుంది, పాత ఇనుము అతను ఆరు వేలు ఇస్తానంటున్నాడు, ఇచ్చేద్దామా?" అని. నాన్న తలెత్తలేదు. గోంగూరలో నంజుకోడానికి ఉల్లిపాయ ముక్క కోసం చూస్తున్నాడు. నేనే ఎందుకో ఉలిక్కిపడి "ఆగరా, కనుక్కుని చెప్తా" అన్నాను. ఏం కనుక్కోవాలో, ఎవరిని కనుక్కోవాలో నాకూ తెలీదు. నోరు జారాను కాబట్టి ఆ నాలుగు రోజులూ చీరాలలో నాన్నకున్నట్టే బజాజ్ బాక్సర్ మోటార్ సైకిల్ ఉన్నవాళ్ళు, ఒకప్పుడు ఉండి అమ్మేసినవాళ్ళు ఎవరు కనపడితే వాళ్ళని ఆపి "బాబాయ్, బాక్సర్ ఎలాంటి బండి?" అని అడుగుతూ తిరిగాను. సగం మంది నవ్వారు. ఒకాయన "ఎందుకు, కొంటావా, నా దగ్గర ఒకటి పడుంది" అన్నాడు.

యమహా ఆర్ఎక్స్ 100 గురించి మీకెవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. 1985 చివర్లో వచ్చి 1996లో ఆగిపోయిన బండి, 98 సీసీలో 11 హార్స్ పవర్, ఇప్పటికీ దాని శబ్దం మీద మనవాళ్ళు గంటలకొద్దీ మాట్లాడుకుంటారు, బాగా చేయించిన బండి లక్ష దాటి పోతోంది. యెజ్డీ ఉన్నాయన ఆదివారం పూట దాన్ని తుడిచి ఫొటో పెడతాడు. బుల్లెట్ సంగతి సరేసరి. బాక్సర్‌ని తుడిచి ఫొటో పెట్టినవాణ్ణి మీరు ఎప్పుడైనా చూశారా? నేనైతే చూడలేదు. కానీ 2000 తర్వాత ఒక పదేళ్ళు మా వైపు ఏ ఊరి సెంటర్లో నిలబడి టీ తాగినా, ఆ టీ అయిపోయేలోపు రెండు బాక్సర్లు వెళ్ళేవి, ఒకటి పాల క్యాన్లతో, ఇంకొకటి యూరియా కట్టతో.

వెనక కథ కొంచెం చెప్తాను, తెలిసినవాళ్ళు దాటేయండి. బజాజ్ అంటే అప్పటిదాకా స్కూటర్ల కంపెనీ. చేతక్ కోసం జనం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రోజులవి. మోటార్ సైకిళ్ళ కోసం వాళ్ళు జపాన్ కవాసకితో చేయి కలిపి 1986లో కేబీ 100 తెచ్చారు, అది టూ స్ట్రోక్. 1991లో 4ఎస్ ఛాంపియన్, అది ఫోర్ స్ట్రోక్. 1997లో బాక్సర్. 99 చిల్లర సీసీ ఇంజను, నాలుగు గేర్లు, కిక్కు రాడ్డు, ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులు, అంతే. ఆ తర్వాతి ఏడాదే క్యాలిబర్ వచ్చింది, ఏడాదిలో లక్ష బండ్లు అమ్ముడుపోయి పేరంతా అదే కొట్టేసింది. 2003లో క్యాలిబర్ 115కి హూడిబాబా ప్రకటన వచ్చింది కదా, నా వయసువాళ్ళలో అది గుర్తులేనివాడు ఉండడు. ఇప్పుడు బాక్సర్ ప్రకటన ఒక్కటి గుర్తు తెచ్చుకోండి చూద్దాం. 2001లో పల్సర్ వచ్చేసరికి కుర్రాళ్ళందరి కళ్ళూ అటు పోయాయి, 2004లో సీటీ 100 వచ్చేసరికి బాక్సర్ అన్న పేరే పోయింది. ఆ సీటీ అనే రెండక్షరాలు కూడా బాక్సర్ సీటీ మీద ఉన్నవే, ఇంటిపేరు ఉంచి అసలు పేరు తీసేసినట్టు.

మా నాన్నది మోటార్ వైండింగ్ షాపు. వేటపాలెం, చీరాల చుట్టుపక్కల ఇసుక నేలల్లో బోర్ల మోటార్లు కాలిపోతే విప్పి, రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి ఇచ్చే పని. షాపుకి తెచ్చి పడేసే రైతు కొందరైతే, "నువ్వే వచ్చి పట్టుకెళ్ళు, నీళ్ళు పెట్టాలి, తోట ఎండిపోతోంది" అనే రైతులు ఎక్కువ. అంతకుముందు మా ఇంట్లో టీవీఎస్ 50 ఉండేది. దాని మీద ఐదు హార్స్ పవర్ మోటారు కట్టుకొస్తే, మోటారు బండిని తెస్తోందా బండి మోటారుని తెస్తోందా అన్నట్టు ఉండేది. 2001లో అమ్మ చీటీ పాట పాడింది, ఆ డబ్బుకి ఇంకొంత కలిపి బాక్సర్ కొన్నారు. మెరూన్ రంగు, ట్యాంకు మీద కవాసకి బజాజ్ అని స్టిక్కరు, ఏపీ 27 నంబరు. మా మేనమామ స్ప్లెండర్ తీసుకోమన్నాడు. తేడా కొన్ని వేలు. అప్పట్లో అది ఒక బేల్ రాగి తీగ డబ్బు అని నాన్న లెక్క చెప్పాడు, అంతటితో స్ప్లెండర్ సంగతి ముగిసింది.

మొదటి అభిప్రాయం అమ్మది, ఎందుకంటే డబ్బు ఆవిడది. "సీటు బల్లలాగా ఉండేది" అంది. అంతే అనుకున్నాను, కాదు, చాలా ఉంది. ఇప్పటి బండ్లకి వెనక సీటు మేడ ఎక్కినట్టు పైకుంటుంది, చీర కట్టుకుని పక్కకి కూర్చుంటే జారి ముందు నడిపేవాడి మీదకి పోతావు, వెనక్కి జరిగితే పట్టుకోడానికి ఏమీ ఉండదు. బాక్సర్ సీటు ముందు నుంచి వెనకదాకా ఒకే మట్టంగా, పొడుగ్గా ఉంటుంది. నాన్న, నేను, మధ్యలో తమ్ముడు, వెనక అమ్మ, నలుగురం ఒంగోలు దాకా వెళ్ళిన రోజులున్నాయి (హెల్మెట్ గురించి అడగొద్దు, ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు). ఒకసారి పెళ్ళికి వెళ్ళి వస్తుంటే దారిలో ఒక రైతు ఆపి కాలిపోయిన మోటారు అప్పగించాడట. నాన్న కాదనలేడు. మోటారుని మధ్యలో కట్టారు. పట్టుచీర కట్టుకున్న అమ్మ, కాలిన వార్నిష్ వాసన కొడుతున్న మోటారుని పట్టుకుని వెనక చివర కూర్చుని ఇంటికొచ్చింది. "ఆ నూనె మరక ఇప్పటికీ పోలేదు, చూపించనా" అని లేచి బీరువా వైపు నడిచింది. చూపించింది కూడా. అంచు దగ్గర, అణా కాసంత మరక.

ఇక అసలైన బాక్సర్ మనిషి మా వీధికి పాలు పోసే బాబాయ్. ఆయన దగ్గర 1999 నుంచి బాక్సరే. రెండు పక్కలా నలభై లీటర్ల క్యాన్లు, వెల్డింగ్ షాపులో చేయించిన ఇనప చట్రం, ట్యాంకు మీద ఇంకో చిన్న క్యాను, హ్యాండిల్‌కి కొలత డబ్బా. తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలైతే అరవై డెబ్బై ఇళ్ళు. ప్రతి ఇంటి దగ్గరా బండి ఆపి, మళ్ళీ కిక్కు కొట్టి, మళ్ళీ ఆపి, ఇలా అయితే కాలు పోతుంది కదా, అందుకని ఆయన ఇంజను ఆపడు. సెంటర్ స్టాండ్ వేసి స్లోలో వదిలేసి పాలు కొలుస్తాడు. "స్లోలో ఎంత కిందికి పెట్టినా ఆగదు నాన్నా, దడ దడ దడ అంటా అట్టా నిలబడే ఉంటది, ముసలోడు గుమ్మంలో కూర్చున్నట్టు" అన్నాడు.

2019లో ఆయన కొడుకు పోరుపెట్టి కొత్త బండి కొనిపించాడట, సెల్ఫ్ స్టార్టు, ఇంజను శబ్దమే తెలీదు. మొదటి వారం ప్రతి ఇంటి ముందూ నిలబడి అరవాల్సొచ్చింది. ఎందుకంటే ఇరవై ఏళ్ళుగా ఆడవాళ్ళు ఆ బాక్సర్ శబ్దం వీధి మలుపులో వినపడగానే గిన్నె పట్టుకుని బయటకి వచ్చేవాళ్ళు, కొత్త బండి ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు. హారన్ కొడితే "పొద్దున్నే ఏంటయ్యా ఆ గోల, పిల్లలు లేస్తారు" అని తిట్లు. ఎనిమిదో రోజు మళ్ళీ బాక్సర్ తీశాడు. కొత్త బండి కొడుకు కాలేజీకి వేసుకెళ్తున్నాడు. నేను బాక్సర్ మైలేజీ గురించి అడిగితే "అరవై పైన ఇస్తది, డెబ్బై అని చెప్పేవాళ్ళుంటారు, నమ్మొద్దు, నా బండి మీద ఎనభై కిలోల పాలుంటే ఎవుడు కొలిచాడు" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. ఎందుకంటే బాక్సర్ ఉన్న ప్రతివాడూ ఎనభై ఇస్తుందని చెప్తాడు, మా నాన్నతో సహా.

మెకానిక్ భాయ్ అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. బండి మీద కాదు, బండి ఉన్నవాళ్ళ మీద. నేను వెళ్ళేసరికి ఆయన ఒక బాక్సర్ కింద కూర్చుని ఆయిల్ దించుతున్నాడు. నట్టు విప్పాడు. ఏమీ రాలేదు. కాసేపటికి కొంచెం చిక్కగా, రోడ్డు తారు లాంటిది, తీగ సాగుతూ కిందనున్న డబ్బాలోకి దిగింది. లీటరు దాకా పట్టే ఇంజన్లోంచి టీ గ్లాసుడు వచ్చింది. ఆయన నా వైపు చూసి "దీని మీద రాత్రి గుంటూరు నుంచి వచ్చాడు, తెలుసా" అన్నాడు. ఆ గ్లాసుడు తారుతోనే ఇంజను తిరిగింది. ఆర్ఎక్స్ ఉన్న కుర్రాడు నెలకోసారి వచ్చి ఏమీ లేకపోయినా కార్బొరేటర్ విప్పించి తుడిపించి పోతాడట. బాక్సర్ వాడు మాత్రం ఆగిపోతేనే వస్తాడు, అదీ నెట్టుకుంటూ వస్తాడు, వచ్చి "ఏం లేదు భాయ్, చిన్నదే, ప్లగ్గు చూడు" అంటాడు. ప్లగ్గు తీస్తే నల్లగా బొగ్గు. ప్లగ్గు మార్చమంటే ఉప్పుకాగితంతో రుద్ది వేసెయ్యమంటాడు. చైను వదులైపోయి కేసుకి కొట్టుకుంటూ గలగల శబ్దం చేస్తున్నా, హ్యాండిల్ బాల్ రేసు అరిగి బండి నిటారుగా ఉన్నప్పుడు గాటిలో పడినట్టు పట్టేస్తున్నా, క్లచ్ ప్లేట్లు కాలిన వాసన వస్తున్నా, "తిరుగుతోందిగా" అంటాడు.

"మరి బండి మంచిదేగా భాయ్" అన్నాను. "మంచిదే, అదే దాని కర్మ. చెడ్డ బండి అయితే రెండేళ్ళకి అమ్మేసేవాళ్ళు, ఎవడో ఒకడు సరిగ్గా చూసుకునేవాడు దొరికేవాడు. దీన్ని ఎవడూ అమ్మడు, ఎవడూ చూడడు" అన్నాడు. ఇంజను బోరు చేయించాల్సి వస్తే ఖర్చు ఇప్పటికీ పెద్ద బండ్లతో పోలిస్తే తక్కువేననీ, పిస్టనూ రింగులూ దొరుకుతాయనీ, సీటీ 100వి కొన్ని సర్దుకుంటాయనీ, దొరకనివల్లా సైడ్ కవర్లు, లైటు డూమ్, ట్యాంకు స్టిక్కర్ల లాంటి పైపై సామాన్లేననీ చెప్పాడు. వాటిని అడిగేవాడు ఉండడు కాబట్టి తెచ్చేవాడూ ఉండడు. మా బండికి కుడివైపు సైడ్ కవర్ 2008లోనే పోయింది. ఆ బోలు భాగంలో నాన్న టెస్టర్, కటింగ్ ప్లేయర్, ఇన్సులేషన్ టేపు పెట్టుకునేవాడు. నాకు చిన్నప్పుడు అన్ని బాక్సర్లూ అలాగే వస్తాయేమో అనిపించేది.

అందరూ పొగిడారనుకుంటారేమో. జాండ్రపేటలో మా దూరపు చుట్టం ఒక మామ ఉన్నాడు, కుప్పడం చీరలు మగ్గాల దగ్గర తీసుకుని గుంటూరు, తెనాలి షాపులకి వేస్తాడు. ఆయన ముందు బాక్సర్ పేరెత్తానో లేదో మొహం అటు తిప్పుకున్నాడు. "దాని వల్ల నాకు రెండు సంబంధాలు తప్పాయి" అన్నాడు. 2002లో పెళ్ళిచూపులకి దాని మీద వెళ్ళాడట. చీరల మూట కట్టీ కట్టీ వెనక చట్రం అలాగే ఉండిపోయింది, దాన్ని విప్పే టైము లేక అలాగే వెళ్ళాడు, అమ్మాయి వాళ్ళ నాన్న గుమ్మంలో నిలబడి బండిని చూసి "పాలు పోస్తారా బాబూ?" అని అడిగాడట. మూడో సంబంధానికి స్నేహితుడి స్ప్లెండర్ అడిగి తీసుకెళ్ళాడు. అత్త పక్కనుంచి "ఆ స్ప్లెండర్ మీది కాదని పెళ్ళయ్యాక తెలిసింది" అంది, ఆ గొడవ ఇంకా తెగలేదని నాకు అర్థమైంది, టీ తాగి లేచాను.

లేచేముందు ఆయన సాంకేతికమైన తిట్లు కూడా తిట్టాడు, న్యాయమైనవే. అరవై దాటితే హ్యాండిల్ దగ్గర్నుంచి ఫుట్ రెస్టుల దాకా వణుకుతుంది, గుంటూరు చేరేసరికి అరచేతులు తిమ్మిరెక్కుతాయి. లారీని దాటాలంటే ముందు దేవుణ్ణి తలుచుకోవాలి. బ్రేకు నొక్కితే ఆగుతుంది గానీ మనం అనుకున్న చోట కాదు. ఇవన్నీ నాకూ తెలుసు, డిగ్రీలో ఉండగా ఆ బండి మీద ఒకసారి ఎడ్లబండి వెనక్కి వెళ్ళి గడ్డిలో దూరాను.

లైటు సంగతి మా ఆర్ఎంపీ డాక్టర్ గారు చెప్పారు. పాత బాక్సర్‌కి హెడ్ లైటు బ్యాటరీ మీద కాదు, ఇంజను తిరిగితే పుట్టే కరెంటు మీదే వెలుగుతుంది. ఎక్సలేటర్ ఇస్తే వెలుగు, వదిలితే దీపం. రాత్రి పూట గుంత వచ్చిందని నెమ్మదించారో, సరిగ్గా గుంత కనపడాల్సిన చోట లైటు చచ్చిపోతుంది. అందుకని ఆయన క్లచ్ పట్టుకుని ఎక్సలేటర్ రెయ్ రెయ్ మనిపిస్తూ గుంతలు దాటేవారట. "అర్ధరాత్రి ఆ మోత వింటే నేను వస్తున్నానని రోగి ఇంటివాళ్ళకి ఊరవతల నుంచే తెలిసేది" అన్నారు. పర్చూరు వైపు నల్లరేగడిలో వాన పడితే ఇంకో తంతు. మట్టి టైరుకి చుట్టుకుని మడ్‌గార్డు లోపల బిగుసుకుపోయి చక్రం తిరగడం మానేస్తుంది. అక్కడ బాక్సర్ వాళ్ళంతా హ్యాండిల్‌కి ఒక కర్ర కట్టుకుని తిరిగేవాళ్ళు, పొడిచి మట్టి తీయడానికి. కొందరైతే వానాకాలం మొదలవగానే ముందు మడ్‌గార్డు విప్పి అటక మీద పెట్టేసేవాళ్ళు. ఓడరేవు వైపు చేపలు వేసుకొచ్చేవాళ్ళ బాధ వేరు, ఉప్పు నీళ్ళు కారీ కారీ సైలెన్సర్ రెండేళ్ళకే జల్లెడ. వాళ్ళెవరూ బాక్సర్‌ని పొగడలేదు, తిట్టనూ లేదు, "ఏ బండైనా అంతే" అన్నారు.

ఈ పురాణమంతా మా పెద్దమ్మ కొడుకు వాట్సాప్‌కి పెట్టాను. వాడు ఉగాండాలో ఉంటాడు, కంపాలాలో, మందుల కంపెనీ పని. వెంటనే ఫొటో వచ్చింది. ఎర్రమట్టి రోడ్డు, కొత్త బాక్సర్, దాని మీద ముగ్గురు పెద్దవాళ్ళు, వెనక పచ్చి అరటి గెలలు. అక్కడ బోడా బోడా అంటారు, డబ్బు తీసుకుని మనుషుల్ని దించే మోటార్ సైకిళ్ళు, అందులో ఎక్కువ బజాజ్ బాక్సర్లే. సరిహద్దు దాటించే బండ్లుగా మొదలయ్యాయి కాబట్టి ఇంగ్లీషులో సరిహద్దు అనే మాట నుంచే ఆ పేరొచ్చిందంటారు. మనం పేరు తీసేసిన బండిని బజాజ్ ఆఫ్రికాకి ఎగుమతి చేస్తూ వచ్చింది, ఇంజన్లు మారుతూ, పేరు మాత్రం అదే. "ఇక్కడ బాక్సర్ అంటే ఉద్యోగం రా" అని వాడు రాశాడు. "ఫైనాన్సులో బండి తీసుకుంటారు, రెండేళ్ళు తిప్పి తీరుస్తారు, తీరిన రోజు బండికి దండ వేస్తారు." తర్వాత ఇంకో మెసేజ్: "నీకు సైడ్ కవర్ కావాలా, వచ్చేటప్పుడు తెస్తా." మహారాష్ట్రలో వాలూజ్ ఫ్యాక్టరీలో పుట్టిన బండికి సైడ్ కవర్ కంపాలా నుంచి రావాలి, అదీ మన పరిస్థితి. మన దగ్గర కూడా 2011లో బాక్సర్ 150 అని పల్లెటూళ్ళ కోసం మళ్ళీ తెచ్చారు, నిలవలేదు. నా అనుమానం ఏంటంటే అప్పటికే పల్లెటూరి కుర్రాడు పల్లెటూరి బండి అని చెప్పి అమ్మే బండిని కొనే దశ దాటేశాడు. మోయడానికి ఆటో ట్రాలీలు వచ్చేశాయి, బండి అంటే ఇక తిరగడానికే.

ఇంతమందిని అడిగాక నాన్నని అడగలేదని గుర్తొచ్చింది. కనుమ రోజు సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకి మోకాలు అరిగి మూడేళ్ళయింది, కిక్కు కొట్టలేడు, తమ్ముడి స్కూటీ మీద షాపుకి వెళ్తాడు. "నాన్నా, బాక్సర్ మీద నీ అభిప్రాయం ఏంటి" అన్నాను. అభిప్రాయం అన్న మాటకే ఆయనకి చిరాకు. "బండేగా" అన్నాడు. కాసేపాగి, "ఐదు హెచ్‌పీ దాకా పర్లేదు, ఏడున్నర పెడితే ముందు చక్రం లేస్తది, అప్పుడు ఒక మనిషి ట్యాంకు మీద కూర్చోవాలి" అన్నాడు. ఆ మనిషిని నేనే. ఆరో క్లాసులో ఉండగా సెలవు రోజుల్లో నన్ను అందుకే తీసుకెళ్ళేవాడు. నాన్నతో బండి మీద షికారు అనుకుని స్నేహితులకి గొప్పలు చెప్పుకున్నాను, ఇరవై ఏళ్ళ తర్వాత తెలిసింది నేను బరువు కోసం వెళ్ళానని.

సరే, రెన్యువల్ చేయిద్దామని నిర్ణయించాను. తమ్ముడు లెక్క చెప్పాడు. 2021లో నాన్న రెన్యువల్ చేయించినప్పుడు ఫీజు 300. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన బండికి 1000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన మోటార్ సైకిల్‌కి 2000 చేశారు. గ్రీన్ ట్యాక్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ విడిగా. బండిని నిలబెట్టడానికి భాయ్‌కి అయ్యే ఖర్చు విడిగా. అంతా కలిపితే పాత ఇనుము రేటు దాటిపోతుంది. "ఐదేళ్ళ కోసం ఇంత పెడతావా" అన్నాడు తమ్ముడు. హైదరాబాద్‌లో నేను ఈఎంఐ మీద కొన్న పెద్ద బండి నెలలో నాలుగు రోజులు కూడా బయటకి రాదు, ఆ సంగతి వాడికి తెలీదు కాబట్టి గట్టిగా "పెడతా" అన్నాను.

భాయ్ కార్బొరేటర్ విప్పితే అడుగున నీళ్ళు, తెల్లటి జిగురు. ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కదా, అది గాలిలో తేమని లాక్కుంటుంది, నెలల తరబడి కదలకుండా ఉన్న బండిలో నీరు కిందికి దిగిపోతుంది, పాత రబ్బరు వాషర్లు ఉబ్బుతాయి. పాత కార్బొరేటర్ బండి ఉన్నవాళ్ళకి భాయ్ చెప్పిన చిట్కా ఒకటే. బండి రెండు వారాలు తీయకపోతే పెట్రోల్ ట్యాప్ కట్టేసి ఇంజను దానంతటదే ఆగేదాకా స్లోలో వదిలేయండి, కార్బొరేటర్ ఖాళీ అవుతుంది. వాషర్లు మార్చాడు, ట్యాంకు కడిగాడు, ఆయిల్ పోశాడు, నేను బలవంతం చేస్తే ప్లగ్గు కూడా కొత్తది వేశాడు. ఆ ప్లగ్గు డబ్బాని షాపులో కుర్రాడికి చూపించి "చూడరా, బాక్సర్‌కి కొత్త ప్లగ్గు" అన్నాడు.

మూడో కిక్కుకి అందుకుంది. మొదట రెండు పొగలు, తర్వాత ఆ దడ దడ. పక్క సందులోంచి ఒక పెద్దావిడ గిన్నె పట్టుకుని వచ్చి, నన్ను చూసి, "పాలు కాదా" అని వెనక్కి వెళ్ళిపోయింది. ఒట్టు, కల్పించి చెప్పట్లేదు.

ఆర్టీఓ ఆఫీసులో ఛాసిస్ నంబరు పెన్సిల్‌తో రుద్ది తీయడానికి అరగంట పట్టింది, ఇరవై ఐదేళ్ళ గ్రీజు కింద ఎక్కడుందో ఎవరికీ కనపడలేదు, కిరోసిన్ గుడ్డ తెచ్చి తుడిచాక బయటపడింది. హారన్ మోగలేదు. బయటికొచ్చి కొత్త హారన్ వేయించుకుని మళ్ళీ లైన్లో నిలబడ్డాం. కొత్త ఆర్సీ 2031 దాకా. పాల బాబాయ్ అప్పుడే అడిగాడు, తన బండికి హాఫ్ ఇంజను పని పెట్టాలి, వారం రోజులు మాది వాడుకుంటానని. తాళం ఇచ్చి హైదరాబాద్ వచ్చేశాను.

నిన్న తమ్ముడు ఫోన్ చేశాడు. పాత ఇనుము అతను మళ్ళీ వచ్చాడట, ఈసారి ఏడు వేలు అన్నాడట. అరుగు మీద కూర్చున్న నాన్న పేపరు దించకుండానే, "ఆర్సీ ఉంది, ప్లగ్గు కొత్తది, తొమ్మిది అయితే మాట్లాడు" అన్నాడట.